రిపోర్టులు నార్మల్, అమ్మాయి మాత్రం ‘ఓపిక లేదు’ అంటోంది

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్లు హాస్టల్లో ఉండి బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటుకు సరిపడా మార్కులు రాలేదు. నీట్ మళ్లీ రాయడానికి ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పిస్తామంటే ‘నేను వీక్, నా వల్ల కాదు’ అంటోంది. హిమోగ్లోబిన్ 12.6, థైరాయిడ్ నార్మల్. ఇవి సాకులేనా? లాంగ్ టర్మ్ మంచిదా, బీఎస్సీ నర్సింగా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: సాకులు కావమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి.

హిమోగ్లోబిన్ 12 దాటింది, రక్తహీనత లేదు, నిజమే. కానీ పదిహేడేళ్ల పిల్ల తన ఆరోగ్యాన్ని రిపోర్టుతో కొలుచుకోదు. పొద్దున లేస్తే ఎలా ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, నిన్న ఎవరేమన్నారు, వీటితో కొలుచుకుంటుంది. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, ఐదింటికి బెల్ కొట్టే చోట అది ఎక్కడిది? రోజుకో గంట ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర పదో తరగతిలోనే ఆటల పీరియడ్ లెక్కల సారుకి వెళ్లిపోతుంది. మూడేళ్లు పరుగెత్తని పిల్లకు రెండంతస్తులు ఎక్కితే గుండె దడదడలాడుతుంది. తనకేదో జబ్బుందనుకుంటుంది.

ఇక ఇంటి మాటలు. సంక్రాంతికి గుమ్మంలో అడుగుపెట్టగానే ‘ఎంత చిక్కిపోయావే’ అన్నారా, ‘లావయ్యావే’ అన్నారా? ఏదన్నా ఆ మాట ఆమెతో హాస్టల్‌కి వెళ్తుంది. కోపగించుకోకండి, హిమోగ్లోబిన్ పాయింటుతో సహా రాశారు, ఆమె ఎన్నింటికి పడుకుంటుందో రాయలేదు.

లాంగ్ టర్మ్ మీద నా అనుమానం దాచను. అవే పాఠాలు, అదే టైమ్ టేబుల్, ఇంకో ఏడాది. కొద్ది మార్కుల్లో సీటు తప్పి, మళ్లీ రాస్తానని తామే అన్న పిల్లలకు అది పనికొచ్చింది. పెద్దల కోరిక మీద వెళ్లి, దసరా దాటేసరికి తలనొప్పి, కడుపునొప్పి అంటూ తిరిగొచ్చినవాళ్లని ఎందరినో చూశాను. ఆ నొప్పి అబద్ధం కాదు. టెన్షన్ ఒంట్లోనే బయటపడుతుంది.

నర్సింగ్ తేలిక అనుకుని అడిగి ఉంటే, కాదు. నాలుగేళ్ల కోర్సు, వార్డుల్లో గంటల తరబడి నిలబడాలి, తర్వాత నైట్ డ్యూటీలు. ఆమెకే ఇష్టమైతే మంచి చదువు.

భయపడకండి. ఈ వయసులో ఒళ్లు త్వరగా కోలుకుంటుంది. ఒక నెల ఇంట్లో ఉంచి, పదింటికల్లా పడుకోనివ్వండి, సాయంత్రం మీరూ ఆమెతో నడవండి. నెలసరి ఇబ్బందులున్నా, ఆకలి తగ్గినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మళ్లీ డాక్టర్‌కి చూపించండి. ఫీజుకు రేపే ఆఖరని కోచింగ్ వాళ్లు ఫోన్ చేస్తారు. నెల తర్వాత చెబుతామనండి.