బరంపురం మేయర్ అభ్యర్థులు ఇచ్చే హామీలన్నీ మేయర్ చేతిలో ఉంటాయా?

ఉండవు, ఒడిశాలోని బరంపురంలో మేయరును ఓటర్లే నేరుగా ఎన్నుకున్నా, నగరపాలక సంస్థ రోజువారీ పాలన రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్ ద్వారానే సాగుతుంది.

కమిషనర్ ద్వారా పాలన సాగే ఈ ఏర్పాటు 2003 నాటి ఒడిశా నగరపాలక సంస్థల చట్టానిది. కౌన్సిల్ సమావేశాలకు మేయర్ అధ్యక్షత వహిస్తారు. నిర్ణయాలను అమలు చేసేది, సిబ్బందిని నడిపేది కమిషనర్. పైగా, పెరుగుతున్న ఊరికి ప్రాణం లాంటి నీటి సరఫరా, పట్టణ ప్రణాళిక చాలావరకు వేరే సంస్థల పరిధిలో ఉన్నాయి.

"ఇంటింటికీ రోజూ ఋషికుల్య నీళ్లు" అనే హామీనే తీసుకోండి. నది నుంచి నీరు తెచ్చే పథకాలకు నిధులు, నిర్వహణ రాష్ట్ర స్థాయిలో తేలతాయి. మేయర్ పట్టుబట్టగలరు, భువనేశ్వర్ చుట్టూ తిరగగలరు, ఆదేశించలేరు. కాలువల పూడికతీత, చెత్త సేకరణ, వీధిదీపాలు మాత్రం నగరపాలక సంస్థ సొంత పనులు. అభ్యర్థిని గట్టిగా నిలదీయాల్సింది వీటి గురించే.

నేరుగా గెలిచారు కాబట్టి మేయర్ నగరానికి ముఖ్యమంత్రి లాంటివారని ఇక్కడి తెలుగువాళ్లలోనూ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పూర్వం కార్పొరేటర్లే మేయరును ఎన్నుకునేవారు. 2022 ఎన్నికల్లో మారింది ఆ పద్ధతి. కమిషనర్ అధికారాలు కమిషనర్ దగ్గరే ఉన్నాయి.