పట్టి మళ్లీ నీళ్లలోకి వదిలిన క్యాట్‌ఫిష్ వెల్లకిలా తేలిపోతోందా?

ఇది లోపల ఇరుక్కున్న గాలి పనే అయ్యుంటుంది. అమెరికాలోని టెక్సోమా లేక్‌లో 40 అడుగుల లోతు నుంచి పెద్ద బ్లూ క్యాట్‌ఫిష్‌ని ఆపకుండా పైకి లాగేశానని, వదిలితే అది వెల్లకిలా తేలుతోందని మీరు రాశారు. పైకొచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుంది, చేప కడుపులోని గాలితిత్తి (నీళ్లలో తేలడానికి సాయపడే గాలి సంచి) ఉబ్బుతుంది. ఇక అది కిందికి దిగలేదు.

1. చాలామంది వదిలేసే పని ఇదే: సగం దూరం వచ్చాక రీలు తిప్పడం ఆపండి. దారం మాత్రం బిగువుగానే ఉంచండి. క్యాట్‌ఫిష్ గాలితిత్తి నుంచి గొంతు వైపు సన్నటి గొట్టం ఉంటుంది కాబట్టి తనంతట తానే తేన్చగలదు. దారం పక్కన బుడగలు గుప్పున పైకొస్తాయి. అవి కనబడ్డాక మెల్లగా లాగండి. చేప పోతుందేమోనని టెన్షన్ వద్దు, బిగువు సడలకపోతే చాలు.

2. పైకొచ్చాక కూడా పొట్ట గట్టిగా ఉంటే, నీళ్లలోనే తల కాస్త ఎత్తి పట్టి, పొట్టను తోక వైపు నుంచి తల వైపు మెల్లగా నిమరండి. గాలి తీయడానికి సూది గుచ్చమని ఎవరైనా చెబితే వినొద్దు.

3. చేతులు తడుపుకుని పట్టుకోండి. పొలుసులు లేని చేప, ఒంటి మీది జిగురే దానికి రక్ష. దవడ పట్టి వేలాడదీయకుండా రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. పక్క రెక్కల ముళ్లు జాగ్రత్త.

4. నీళ్లలో పొట్ట కిందికి, వీపు పైకి ఉండేలా పట్టుకోండి. తోక విదిలించి తనే చేయి విడిపించుకున్నప్పుడు వదలండి. ముందుకీ వెనక్కీ ఊపక్కర్లేదు.