ఇంగ్లీష్ మీడియం పిల్లలతో ఇంట్లో తెలుగు మాట్లాడితే చదువు దెబ్బతింటుందా?

దెబ్బతినదు, పైగా మేలే జరుగుతుంది. ప్రైమరీ పిల్లలు కొత్త విషయాన్ని తమకు బాగా వచ్చిన భాషలోనే ముందు పట్టుకుంటారు. అర్థమయ్యాక దాని ఇంగ్లీష్ పేరు నేర్చుకోవడం తేలిక.

భిన్నాలే చూడండి. దోసెను నాలుగు సమాన ముక్కలు చేసి, ఒకటి చేతికిచ్చి "ఇది పావు" అనండి. "వన్ బై ఫోర్" అని ఉత్తినే బట్టీపట్టిన పిల్లలు చాలాసార్లు రెండు కంటే నాలుగు పెద్దది కదా అని సగం కన్నా పావే ఎక్కువంటారు. దోసె ముక్క చూసినవాళ్లు అలా అనరు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చింది ఇందుకే: ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురుగా అదే పాఠం తెలుగులో. టీచర్లు క్లాసులో, పెద్దలు ఇంట్లో ఆ తెలుగు పేజీని తప్పకుండా వాడాలి.

అమ్మానాన్నలు వచ్చీరాని ఇంగ్లీష్‌లో మాట్లాడితే పిల్లలకు ఇంగ్లీష్ వస్తుందనుకోవడం అపోహ. అలా చేస్తే ఇంట్లో కబుర్లు, కథలు, "ఎందుకు" అనే ప్రశ్నలు తగ్గిపోతాయి.