టెక్ సందేహాలు: ఎలిక్సిర్ తలకెక్కింది, యార్డు బిల్లింగ్ మార్చేయనా?

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా జావాలో ప్రోగ్రాములు రాస్తున్నాను. మిర్చి యార్డులో కొందరు కమీషన్ ఏజెంట్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేను చేసిందే. నెల క్రితం ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను. అప్పట్నుంచి రాత్రి రెండింటి దాకా నిద్ర లేదు. టెన్షన్‌తో కాదండీ, సంతోషంతో! పాత సాఫ్ట్‌వేర్ మొత్తం ఇందులోకి మార్చేయనా? ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ చాలుతుందా?
- ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ల్యాప్‌టాప్ చాలుతుంది. విండోస్ అయితే ముందు ఎలిక్సిర్‌కు ఆధారమైన ఎర్లాంగ్, తర్వాత ఎలిక్సిర్ ఇన్‌స్టాల్ చేసుకోండి.

మీ సంతోషం ఎక్కడిదో నాకు తెలుసు. యార్డు గుమాస్తా పద్దు తప్పితే దిద్దడు, కింద ఇంకో పద్దు రాస్తాడు. ఎలిక్సిర్‌లో డేటా కూడా అంతే. పేరును కొత్త విలువకు తగిలించుకోవచ్చు కానీ పాత విలువ చెక్కుచెదరదు. ఒక లిస్టును ఏ ఫంక్షన్ చేతికిచ్చినా అది దాన్ని పాడుచేయలేదు. జావాలో 'ఈ లిస్టును ఎవరు మార్చారు?' అని తెల్లవార్లూ వెతికినవాళ్లకే ఈ హాయి తెలుస్తుంది. ఇక ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించే పైప్ గుర్తు (|>) సంగతి. టిక్కీల (మిర్చి బస్తాల) తూకం, తరుగు, కమీషన్, హమాలీ, చివరికి రైతు బిల్లు: యార్డులో పని జరిగే వరసలోనే కోడూ కనిపిస్తుంది. ఒకదాని కడుపులో ఒకటి దూర్చిన బ్రాకెట్లను లోపల్నుంచి బయటికి చదువుకునే బాధ లేదు.

భాష కొత్తదే, ఇంజిన్ మాత్రం పాతది. వెబ్‌సైట్లు కట్టే రూబీ ఆన్ రెయిల్స్ బృందంలో పనిచేసిన జోసే వాలిమ్ దీన్ని తయారుచేశారు. 2014లో 1.0 వచ్చింది. నడిచేది ఎర్లాంగ్ వర్చువల్ మెషీన్ (కోడును నడిపే ఇంజిన్) మీద. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ అనే టెలికాం కంపెనీలో 1986లో మొదలైన భాష ఎర్లాంగ్. ఒక కాల్ తెగితే మిగతావి తెగకూడదు కదా! అందుకే ప్రతి పనికీ ఒక చిన్న ప్రాసెస్, వేటి మెమరీ వాటిదే. ఒకటి కూలితే, కాపలాగా ఉండే సూపర్‌వైజర్ ప్రాసెస్ దాన్ని మళ్లీ లేపుతుంది. ఎర్లాంగ్‌తోనే వాట్సాప్ 2012లో ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టింది.

కానీ మీ ఏజెంటు దగ్గర 20 లక్షల మంది లేరు. ఉన్నది ఒక గుమాస్తా, ఒక ప్రింటరు. ఆ జావా కోడులో కోల్డ్ స్టోరేజీ అద్దెలు, రైతు అడ్వాన్సుల వడ్డీలు, ఎవరో ఒక్క ఏజెంటు కోసం పెట్టిన మినహాయింపులు, అన్నీ కలిసి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. దాన్ని కదపొద్దు. పైగా మీరు వారం ఊరెళ్తే చూసుకోవడానికి జావా కుర్రాళ్లు బెజవాడలో ఎంతమందైనా దొరుకుతారు, ఎలిక్సిర్ తెలిసినవాళ్ల కోసం వెతుక్కోవాలి.

మోజు తీరాలంటే పక్కన ఒక చిన్న పని పెట్టుకోండి. రకాలవారీగా మిర్చి ధరలు ఫోన్లో అప్పటికప్పుడు మారే బోర్డు చేయండి. ఎలిక్సిర్‌లో వెబ్ పేజీలు చేసే ఫీనిక్స్ లైవ్‌వ్యూ ఇలాంటి వాటికే పుట్టింది, జావాస్క్రిప్ట్ దాదాపు రాయక్కర్లేదు. మీ పాత డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్ అయితే ఎక్టో అనే ఎలిక్సిర్ డేటాబేస్ లైబ్రరీతో నేరుగా చదువుకోవచ్చు. టైపు తప్పులను (అంకె ఉండాల్సిన చోట అక్షరాలు రావడం లాంటివి) కంపైలర్ జావాలో అంత గట్టిగా పట్టుకోవడం లేదని మీకు బెంగ పుడితే గ్లీమ్ అనే భాష చూడండి. అదే వర్చువల్ మెషీన్, టైపులు మాత్రం గట్టివి, 1.0 వచ్చింది 2024లో.

అన్నట్టు, డబ్బు లెక్కలకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్య) వాడకండి. జావాలో బిగ్‌డెసిమల్ వాడినట్టే ఇక్కడ డెసిమల్ లైబ్రరీ పెట్టుకోండి. క్వింటాలుకు పైసా తేడా వచ్చినా ఏజెంటు ఫోన్ చేస్తాడు. రాత్రి రెండింటికి మీరు మేలుకునే ఉంటారని ఈపాటికి ఆయనకు తెలిసే ఉంటుంది.