యూఎన్‌సీ వదిలి ఎన్‌సీ స్టేట్‌కి వెళ్ళిన ఆటగాణ్ని ద్రోహి అనొచ్చా?

మీ ఆఫీసులో యూఎన్‌సీ (నార్త్ కరొలైనా యూనివర్సిటీ) బాస్కెట్‌బాల్ జట్టు అభిమానులు, అక్కణ్ణుంచి ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ జట్టుకి మారిన వెన్-అలెన్ లూబిన్ పేరెత్తితే చాలు మండిపడుతున్నారని, "వెళ్తే వెళ్ళాడు, పోయి పోయి ఎన్‌సీ స్టేట్‌కా?" అంటున్నారని, రాలీకి కొత్తగా వచ్చిన మీకు ఈ కోపం అర్థం కావడం లేదని రాశారు. నేను ఎన్‌సీ స్టేట్‌లో ఎంఎస్ చేసి ఇక్కడే క్యారీలో స్థిరపడ్డాను. మా అమ్మాయి యూఎన్‌సీలో డిగ్రీ చదివింది. అంచేత ఈ వాదన మా ఇంట్లో అన్నాల దగ్గరే నడిచింది. నా జవాబు ముందే చెప్పేస్తాను. ద్రోహి అనడం అన్యాయం. అయితే వాళ్ళ బాధ మాత్రం నిజమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి.

ఈ బాధ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ముందు ఊళ్ళ సంగతి తెలియాలి. డ్యూక్ డర్హమ్‌లో, యూఎన్‌సీ చాపెల్ హిల్‌లో, ఎన్‌సీ స్టేట్ రాలీలో. డ్యూక్‌కీ యూఎన్‌సీకీ మధ్య దూరం దాదాపు 10 మైళ్ళు, అంతే. మూడు చోట్లా చదివినవాళ్ళు ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుంటారు, ఒకే కిరాణా కొట్టుకి వెళ్తారు. క్యారీ వేంకటేశ్వరస్వామి గుడి పార్కింగులో కార్ల వెనక అంటించిన స్టిక్కర్లు చూడండి, మూడు యూనివర్సిటీలవీ కనిపిస్తాయి. ఓడిపోయిన మర్నాడు ముఖం దాచుకోవడానికి చోటుండదు. దీనికి తోడు ఇంకో మెలిక. యూఎన్‌సీ వాళ్ళు తమకు అసలైన ప్రత్యర్థి డ్యూక్ అనుకుంటారు. మా స్టేట్ వాళ్ళేమో యూఎన్‌సీ మీద గెలిస్తేనే సీజన్ గెలిచినట్టు భావిస్తారు. తాము సమానంగా కూడా లెక్కపెట్టని జట్టుకి తమ ఆటగాడు వెళ్ళడం వాళ్ళకి రెట్టింపు అవమానంగా తోచింది.

లూబిన్ ఒకే ఒక్క సీజన్ యూఎన్‌సీలో ఆడాడు, 2024-25లో. అంతకుముందు ఒక ఏడాది నోటర్ డామ్‌లో, ఆ తరవాత ఒక ఏడాది వాండర్‌బిల్ట్‌లో ఆడాడు. స్టేట్ అతనికి నాలుగో యూనివర్సిటీ. అయినా యూఎన్‌సీ వాళ్ళు అతన్ని అంత దగ్గరగా తీసుకోవడానికి ఒక రాత్రి ఉంది. 2025 మార్చి 14న, షార్లట్‌లో ఏసీసీ (ఈ మూడు యూనివర్సిటీలూ ఆడే లీగ్) టోర్నీ సెమీఫైనల్, ఎదురుగా డ్యూక్. ఒక దశలో 24 పాయింట్లు వెనకబడ్డారు. అక్కడి నుంచి పుంజుకుని, 4.1 సెకన్లు మిగిలి ఉండగా 72-70కి తెచ్చారు. లూబిన్‌కి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు. మా హాల్లో అమ్మాయి సోఫా మీద నుంచి లేచి రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడిపోయింది. మొదటిది పడింది, 72-71. రెండోదీ పడింది. సమం అయిపోయిందని మా అమ్మాయి కేక పెట్టింది, మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అంతలో రిఫరీ చెయ్యి ఎత్తాడు. జేలిన్ విథర్స్ అనే సొంత జట్టువాడు, బంతి లూబిన్ చేతిలోంచి వెలువడకముందే గీత దాటి లోపలికి అడుగేశాడు. పడిన బంతి చెల్లదన్నారు. ఆట 74-71తో డ్యూక్‌కి పోయింది.

అతను వెయ్యాల్సింది వేశాడు. అంత ఒత్తిడిలో, అన్ని వేలమంది అరుస్తుంటే, రెండుసార్లూ వలలో పడేశాడు. నా దృష్టిలో ఆ జట్టుకి అతను పడిన బాకీ ఆ క్షణంతో తీరిపోయింది.

కొన్ని వారాలకే లూబిన్ పోర్టల్‌లోకి (జట్టు మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) వెళ్ళాడనీ, తరవాత మా స్టేట్‌కి వస్తున్నాడనీ వార్త వచ్చింది. అమ్మాయి ఆ రోజు ఫోన్లో నాతో సరిగ్గా మాట్లాడలేదు. "వెళ్ళినందుకు కాదు నాన్నా, రేపు ఆ ఎర్ర జెర్సీలో మన మీదికే వస్తాడు చూడు, దానికి" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే తను ఒక సంగతి వదిలేసింది, మీ ఆఫీసు వాళ్ళూ వదిలేస్తున్నారు. ఆ రోజు అడుగు ముందుకేసిన విథర్స్ యూఎన్‌సీకి ఎక్కడి నుంచి వచ్చాడు? లూయివిల్ నుంచి. లూయివిల్ కూడా ఏసీసీలోదే, ఏటా వీళ్ళతో ఆడేదే. లూబిన్ వెళ్ళాక యూఎన్‌సీ చేతులు కట్టుకుని కూర్చోలేదు, అరిజోనా నుంచి హెన్రీ వేసార్‌ని తెచ్చుకుంది. అదే అరిజోనా అంతకు రెండేళ్ళ ముందు యూఎన్‌సీ నుంచి కేలబ్ లవ్‌ని తీసుకుంది. 2022 ఫైనల్ ఫోర్‌లో, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్‌లో, డ్యూక్ కోచ్ షషెఫ్‌స్కీ చివరి ఆటలో ఆ జట్టుని ముంచింది ఈ లవ్వే, ఆ రాత్రి 28 పాయింట్లు కొట్టాడు. వచ్చేవాళ్ళకి హారతి పట్టి వెళ్ళేవాళ్ళని ద్రోహులంటే ఆ మాటకి విలువేముంటుంది?

యూఎన్‌సీ వాళ్ళు ప్రాణంగా చూసుకున్న క్యామరాన్ జాన్సన్ కథ ఇంకా బలమైనది. పిట్స్‌బర్గ్ ప్రాంతపు కుర్రాడు. వాళ్ళ నాన్న కూడా పిట్ యూనివర్సిటీ తరఫున ఆడినవాడే. జాన్సన్ మూడేళ్ళలో అక్కడ డిగ్రీ పూర్తి చేశాడు. డిగ్రీ పట్టా చేతిలో ఉన్నవాడు వేరే చోట వెంటనే ఆడొచ్చని అప్పటికే నిబంధన ఉంది. అయినా పిట్ వాళ్ళు, ఏసీసీలోనే మరో జట్టుకి వెళ్తే ఒక ఏడాది బెంచీ మీద కూర్చోవాల్సిందే అన్నారు. ఆ కుర్రాడు తన వాదన బహిరంగంగా రాసి నిలబడ్డాడు, దేశమంతా అతని వైపు మాట్లాడింది, చివరికి 2017 జూన్‌లో పిట్ దిగొచ్చింది. రెండు సీజన్లు చాపెల్ హిల్‌లో ఆడాడు, 2019 ఎన్‌బీఏ డ్రాఫ్టులో 11వ స్థానంలో ఎంపికయ్యాడు. ఆనాడు పిట్ పట్టు నెగ్గి ఉంటే అతని చేతిలోని రెండేళ్ళలో ఒకటి ఊరికే పోయేది. ఆరోజు "ఆ అబ్బాయి ఇష్టం ఆ అబ్బాయిది" అన్న నోళ్ళే ఈరోజు లూబిన్‌ని తిడుతున్నాయి.

పాత రోజులు బాగుండేవనేవాళ్ళు ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో ఆటగాడు ఏ జట్టుతో మాట్లాడాలన్నా కోచ్ అనుమతి కావాలి. 2012లో జారడ్ ఉథాఫ్ అనే కుర్రాడు విస్కాన్సిన్ వదులుతానంటే, కోచ్ తమ లీగ్ బిగ్ టెన్ మొత్తాన్నీ, మొత్తం ఏసీసీనీ, అవి కాక మరికొన్ని యూనివర్సిటీలని కూడా నిషేధ జాబితాలో పెట్టాడు. గొడవయ్యాక బిగ్ టెన్ వరకే తగ్గించాడు. ఉథాఫ్ బిగ్ టెన్‌లోనే ఉన్న ఐయోవాకి వెళ్ళాడు. దాని ఖరీదు: స్కాలర్‌షిప్ లేకుండా ఆ ఏడాది ఫీజు సొంతంగా కట్టుకున్నాడు, ఆ సీజన్ ఆడకుండా కూర్చున్నాడు. 2018లో పోర్టల్ వచ్చాక కోచ్ అనుమతి అక్కర్లేకపోయింది. 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు. 2023 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకుంది, 2024 ఏప్రిల్‌కల్లా చదువులో వెనకబడనంతవరకు ఎన్నిసార్లు మారినా ఆడనిస్తామని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది.

కోచ్‌ల సంగతి వేరే చెప్పాలా? రాయ్ విలియమ్స్ 15 సీజన్లు కాన్సస్‌లో చేసి, 2003లో జాతీయ ఫైనల్ ఓడిన కొద్ది రోజులకే యూఎన్‌సీకి వచ్చేశాడు. కాన్సస్ వాళ్ళు అప్పుడు ఎంత ఏడ్చారో. చాపెల్ హిల్‌లో మాత్రం మూడు జాతీయ టైటిళ్ళు గెలిచి దేవుడయ్యాడు. యాభై ఏళ్ళు దాటినవాడు, చేతిలో కాంట్రాక్టు ఉన్నవాడు వెళ్ళొచ్చు గానీ ఇరవై ఏళ్ళ కుర్రాడు వెళ్ళకూడదా?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి, నా అభిప్రాయానికి మూలం అదే. నేను అమెరికా వచ్చింది వేరే రాష్ట్రంలోని ఓ చిన్న యూనివర్సిటీకి. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఇంటి దగ్గర చేసిన అప్పు గొంతు మీదికి వచ్చింది. ఎన్‌సీ స్టేట్‌లో ఒక ప్రొఫెసర్ అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్నారు. విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డు మార్పించుకుని, కొత్త ఐ-20 పత్రం తీసుకుని, రెండు సూట్‌కేసులతో రాలీ బస్సెక్కాను. పాత చోట రూమ్మేట్లు బిర్యానీ వండి పంపారు, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. నాతో పాటు చదివిన మన పిల్లల్లో ఇలా మారినవాళ్ళు చాలామంది. ఫీజు తగ్గిందనో, మంచి ల్యాబ్ దొరికిందనో మారితే తెలివైన పని అంటాం. ఆటగాడూ అక్కడ విద్యార్థే కదండీ. అతనికి ఆడగల సీజన్లు మహా అయితే నాలుగైదు. 2021 జూలై నుంచి వాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. మోకాలు ఒక్కసారి తిరిగితే పోయే అవకాశం అది.

స్టేట్ వాణ్ని కాబట్టి 2024 గురించి రాయకుండా ఉండలేను. సీజన్ చివర వరసగా నాలుగు ఆటలు ఓడి, ఏసీసీ టోర్నీకి పదో సీడుగా, అంటే పదో స్థానపు జట్టుగా వెళ్ళాం. ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచాం. 1987 తరవాత మొదటి ఏసీసీ టైటిల్, అదీ ఫైనల్లో యూఎన్‌సీ మీద 84-76తో. ఆ తరవాత జాతీయ టోర్నీలో డ్యూక్‌ని 76-64తో ఓడించి 1983 తరవాత మొదటిసారి ఫైనల్ ఫోర్‌కి వెళ్ళాం. ఆ జట్టులో మొదట బరిలోకి దిగే ఐదుగురూ వేరే చోట్ల నుంచి వచ్చినవాళ్ళే. డీజే బర్న్స్ విన్‌త్రాప్ నుంచి, డీజే హార్న్ అరిజోనా స్టేట్ నుంచి, డియారా మిజోరీ నుంచి, ఓకానల్ స్టాన్‌ఫర్డ్ నుంచి. కేసీ మోర్సెల్ అయితే వర్జీనియా నుంచి, అంటే ఏసీసీలోంచే. ఏసీసీ టోర్నీ సెమీఫైనల్లో ఆ వర్జీనియానే ఎదురైంది. చివరి క్షణంలో ఓకానల్ విసిరిన మూడు పాయింట్ల షాట్ బోర్డుకి తగిలి పడి ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్ళింది, అక్కడ గెలిచాం. మా క్యాంపస్‌లోని బెల్‌టవర్ ఎర్రగా వెలిగిన ఆ రాత్రుల్లో, ఇతను ఎక్కడివాడు అని అడిగినవాడు నాకు ఒక్కడూ కనిపించలేదు.

అభిమానులు నిజంగా పోగొట్టుకున్నది వేరే ఉంది. సన్నగా, భయంభయంగా వచ్చిన పద్ధెనిమిదేళ్ళ పిల్లాడు నాలుగో ఏడాదికి జట్టుకి పెద్దదిక్కు కావడం, చివరి సొంత మైదానపు ఆటకి అమ్మానాన్నల్ని పక్కన పెట్టుకుని నిలబడటం, అది చూసి మనకి కళ్ళు చెమర్చడం. ఆ పరిచయం ఇప్పుడు బాగా అరుదైపోయింది. ఏటా అక్టోబరులో సగం జట్టు పేర్లు కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోంది. నాకూ ఇది బాధే, చాలా పెద్ద బాధే. కానీ దీనికి లూబిన్ బాధ్యుడు కాదు. ఆటగాళ్ళతో ఒకటి రెండేళ్ళకి సరిపడా గట్టి కాంట్రాక్టులు రాసుకోవాల్సింది యూనివర్సిటీలు, ఆ వ్యవస్థ కట్టాల్సింది ఎన్‌సీఏఏ. కుర్రాళ్ళకి దక్కాల్సింది దశాబ్దాల పాటు ఆపి, కోర్టులు మెడలు వంచాక ఒక్కసారిగా తలుపులన్నీ తెరిచింది వాళ్ళే.

ఇక మీరు ఆటకి వెళ్ళినప్పుడు పాత ఆటగాడు బంతి పట్టుకుంటే అరవొచ్చా అంటే, గొంతు పోయేలా అరవండి. ఫ్రీ త్రో వేస్తుంటే చేతులు ఊపండి. ఆటలో అది భాగం, వాళ్ళకీ తెలుసు. ఇంటికొచ్చాక అతని ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్ళి తల్లిని తిట్టడం, చావమని రాయడం మాత్రం అభిమానం కాదు. అలా రాసేవాళ్ళని మీ ఆఫీసులో ఎవరైనా వెనకేసుకొస్తే అక్కడే అడ్డుకోండి.

"రేపు మీ స్టేట్ వాడు చాపెల్ హిల్‌కి పోతే ఇలాగే అంటావా?" అని మా అమ్మాయి అడిగింది. బాధపడతాను, ఓ వారం పాటు యూఎన్‌సీ వాళ్ళ ఆ నీలం రంగు కంటబడకూడదనుకుంటాను. మా దగ్గర ఉన్నన్నాళ్ళు చివరి విజిల్ దాకా ఒళ్ళు దాచుకోకుండా ఆడాడా లేదా అన్నదొక్కటే చూస్తాను. ఆడి ఉంటే, స్టేట్‌తో తప్ప మిగతా అందరితో ఆడే ఆటల్లో అతను గెలవాలనే కోరుకుంటాను. తను ఒప్పుకోలేదు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.