కుట్టిన ఈగ ఎవరి ఈగ?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు సొంత ఇల్లుంది. పక్కింటాయన రిటైరయ్యాక మేడ మీద ఎనిమిది తేనె పెట్టెలు పెట్టారు. గత ఏడాది నవంబరు నెలాఖరున మేడ మీద బట్టలు ఆరేస్తున్న మా అమ్మ మీద తేనెటీగలు పడ్డాయి. బీపీ పడిపోయి ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆవిడ మేడ ఎక్కడం లేదు, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తోంది. పక్కింటాయన ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు, సీసాల మీద లేబుల్ అంటించి తేనె మాత్రం అమ్ముకుంటున్నారు. మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగితే ‘చూస్తాం’ అంటున్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఇళ్ళ మధ్య తేనెటీగలు పెంచడానికి జోనింగ్ రూల్స్ (ఏ ప్రాంతంలో ఏది చేయవచ్చో చెప్పే నిబంధనలు) ఉంటాయన్నాడు. మన దగ్గర ఆ రూలు ఏది? ఆయన మీద క్రిమినల్ కేసు పెట్టవచ్చా? మా బావమరిది ‘ఒక రాత్రి మందు కొట్టేస్తే పోలా’ అంటున్నాడు. ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు, ఆయనకు నేను పంపిన వాట్సాప్ మెసేజీలు జత చేశాను.

జవాబు: మీ ఉత్తరం కంటే మీరు పంపిన మూడో ఫొటోయే ఎక్కువ చెప్పింది. పక్కింటి పెట్టెలు కనబడాలని తీశారు. ఫొటో పెద్దది చేసి చూడండి. పెట్టెల వెనకాల అపార్ట్‌మెంట్ ఉంది కదా, దాని వాటర్ ట్యాంకు స్లాబు కింద నల్లగా, అర్ధచంద్రాకారంలో ఒకటి వేలాడుతోంది. అది కొండ తేనెటీగల పట్టు. ఆ జాతిని పెట్టెలో పెంచడం కుదరదు. బయట, ఒకే పెద్ద పట్టు కట్టి వేలాడుతుంది. మనుషుల మీద గుంపుగా పడేది ఎక్కువగా ఆ జాతే. పెట్టెల్లో పెంచేవి పుట్ట తేనెటీగలో, ఐరోపా తేనెటీగలో అయి ఉంటాయి. అవీ కుడతాయి, కాదనను. కానీ మీ అమ్మగారిని కుట్టినవి ఏవి? మీ కేసు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. మీ ఉత్తరంలో దీనికి జవాబు లేదు. రేపు కోర్టులో అవతలి లాయరు మీ ఫొటోనే మీ ముందు పెట్టి ‘ఇదేమిటండీ?’ అంటాడు.

మీ డిశ్చార్జి సమ్మరీ దీనికి తోడైంది. అందులో రాసింది ‘గుర్తు తెలియని పురుగు కాటు, తీవ్ర అలర్జీ’ అని. తేనెటీగ అన్న మాటే లేదు. సంతకం పెట్టి కాగితం తీసుకునేటప్పుడు ఎవరూ చదవలేదా? పది నెలలు ఆ కాగితం బీరువాలో ఉంచి, కోపం మాత్రం రోజూ బయటికి తీశారు.

ఇక జోనింగ్ రూలు సంగతి. మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో చాలా ఊళ్ళకు సొంత నిబంధనలున్నాయి. స్థలాన్ని బట్టి ఎన్ని పెట్టెలు, సరిహద్దుకు ఎంత దూరం, ఈగలు ఎత్తుగా ఎగిరేలా ఆరడుగుల కంచె, దగ్గర్లో నీళ్ళు, ఇలా. న్యూయార్క్ నగరంలో అయితే 2010 దాకా తేనెటీగల పెంపకమే నిషేధం. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, 2017 గానీ, తెలంగాణలో వాడే 2012 నాటి జీవో 168 గానీ ఖాళీ స్థలం ఎంత వదలాలి, ఎత్తు ఎంత, పార్కింగ్ ఎక్కడ అన్నవే చూస్తాయి. తేనె పెట్టెల అధ్యాయం వాటిలో లేదు. కాబట్టి ‘నివాస ప్రాంతంలో నిషేధం’ అని నోటీసులో రాయించకండి. మొదటి పేరాలోనే పరువు పోతుంది. అమెరికా నిబంధనలు మీకు ఒకందుకు పనికొస్తాయి. కంచె, నీళ్ళు, దూరం లాంటి జాగ్రత్తలు మామూలుగా తీసుకోదగ్గవేననీ, ఆయన ఒక్కటీ తీసుకోలేదనీ వాదించడానికి.

ఆయన సీసాల మీద లేబుల్ అంటించి తేనె అమ్ముతున్నారన్నారు. దానికి ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉన్నాయేమో ఆర్టీఐలో అడగండి. పది రూపాయల ఖర్చు, ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. జాతీయ తేనెటీగల బోర్డులో రిజిస్టరయ్యానని ఆయన కార్డు చూపిస్తే కంగారు పడకండి. అది పెంపకందారుగా నమోదు మాత్రమే, మీ గోడ పక్కన పెట్టుకోవడానికి పర్మిషన్ కాదు. అలాగే లైసెన్సు లేదని తేలినంత మాత్రాన మీ అమ్మగారిని ఆయన ఈగలే కుట్టాయని రుజువైనట్టు కాదు.

క్రిమినల్ కేసు పెట్టవచ్చా అంటే, పెట్టవచ్చు. కానీ గడువు మీ కోసం ఆగదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పో, తీవ్ర గాయమో కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా. ఈగ కూడా వస్తుంది. ఈ నేరానికి ఫిర్యాదు గడువు ఒక్క ఏడాది. మీకు నవంబరు నెలాఖరుతో అయిపోతుంది. మామూలు న్యూసెన్సు కింద 292వ సెక్షన్‌కు జరిమానాయే శిక్ష కాబట్టి ఆరు నెలలే గడువు. నవంబరు నాటి ఘటనకు అది మే నెలలోనే పోయింది. ఒక ఊరట ఉంది. కోర్టు కేసును విచారణకు తీసుకున్న తేదీ కాదు, మీరు ఫిర్యాదు దాఖలు చేసిన తేదీయే లెక్కని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నష్టపరిహారం కోసం సివిల్ దావాకు మూడేళ్ళు టైముంది.

ఇప్పుడు మీ బావమరిది సలహా. ఆ మాట మళ్ళీ ఇంట్లో వినపడనివ్వకండి. ఎదుటివాడి జంతువుకు విషం పెట్టినా, చంపినా అదే సంహితలో 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు. ఇందాక చెప్పిన నిర్వచనమే దీనికీ వర్తిస్తుంది. ఆయన అజాగ్రత్తకు ఆరు నెలలు, మీ పగకు ఐదేళ్ళు. చీకట్లో పెట్టెలు కదిపితే ఈగలు ఎవరి మీద పడతాయో ఎవరూ చెప్పలేరు. మందు కలిసిన తేనె ఎవరి ఇంటికి పోతుందో అదీ చెప్పలేం. పైగా పోలీసులు వెతకాల్సిన పని కూడా లేదు. ‘పెట్టెలన్నీ తగలబెడతా’ అని జూన్‌లో మీరే వాట్సాప్‌లో పంపారు. రేపు కుర్రాళ్ళెవరో ఆ పెట్టెల మీద రాయి వేసినా మొదటి ముద్దాయి మీరే. ఆ మెసేజి డిలీట్ చేయకండి, ఆయన ఫోన్లో ఎలాగూ ఉంది. ఇక మీదట ఆయనకు కాగితం మీద తప్ప ఏమీ రాయొద్దు. పక్కవీధి వాళ్ళెవరో చెప్పారని ‘హత్యాయత్నం’ అని ఫిర్యాదులో ఇరికించడం కూడా వద్దు. తప్పుడు అభియోగం మోపడం వేరే నేరం.

పెట్టెలు తీయించడానికి కుట్టిన ఈగ ఎవరిదో తేలేదాకా ఆగక్కర్లేదు. ఇబ్బంది రోజూ కొనసాగుతుంటే లిమిటేషన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం గడువు ప్రతి క్షణం కొత్తగా మొదలవుతూనే ఉంటుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గర పిటిషన్. పాత సీఆర్‌పీసీలో ఇదే 133. ఇది ప్రజలకు కలిగే ఇబ్బందికే తప్ప రెండిళ్ళ తగాదాకు కాదు. మీ ఒక్కరి సంతకంతో వెళ్తే ‘సివిల్ కోర్టుకు పోండి’ అని పంపేస్తారు. ఈగల వల్ల ఇబ్బంది పడ్డ వీధిలోని మిగతా ఇళ్ళవాళ్ళు సంతకం పెడతారా? పెడితే ఈ దారి మంచిది. పెట్టకపోతే రెండోది, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ దావా. అందులో అడ్వొకేట్ కమిషనర్‌ను, అంటే వచ్చి చూసి కోర్టుకు రిపోర్టు ఇచ్చే లాయరును, వేయమని అడగండి. పెట్టెలు ఎన్ని, మీ పిట్టగోడకు ఎన్ని అడుగుల దూరం, ఈగల ద్వారం మీ వైపు ఉందా, నీళ్ళ తొట్టి ఉందా అన్నవి ఆయన కొలిచి రాసిస్తే, మీరు పది వాయిదాల్లో చెప్పే సాక్ష్యం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

కోరిక రాయడంలో తెలివి చూపించండి. ‘24 గంటల్లో తీసేయాలి’ అని రాస్తే చూడ్డానికి ఘనంగా ఉంటుంది, అమలు కాదు. పెట్టెను మేడ ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్కసారిగా జరిపితే మేతకు వెళ్ళిన ఈగలు పాత చోటికే తిరిగొచ్చి అక్కడే గుమికూడతాయి. ఆ పాత చోటు మీ గోడ పక్కనే! పెంపకందార్లు రాత్రి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారం మూసి, కొన్ని కిలోమీటర్ల దూరం తీసుకెళ్తారు. కాబట్టి పూర్తిగా ఊరి బయటికి తరలించాలని అడగండి. అది ఒప్పుకోకపోతే, పెట్టెల సంఖ్య తగ్గించి, ఎత్తయిన తడక కట్టి, ద్వారాలు మీ వైపు కాకుండా అటు తిప్పాలని ప్రత్యామ్నాయంగా అడగండి. చిన్న కోరిక కోర్టుకు ఇవ్వడం తేలిక.

దావా వేయడానికి ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసు (కోర్టుకు వెళ్ళకముందే రాజీకి పెట్టేది) పెట్టండి. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రిటైరైన మనిషి కోర్టు మెట్లెక్కడం కంటే కడియం వైపు తెలిసినవాళ్ళ తోటలో పెట్టెలు పెట్టుకోవడానికే మొగ్గుతాడని నా అంచనా. మీరు తిట్లు ఆపితేనే సుమా.

ట్యాంకు కింద ఉన్న పట్టు సంగతి ఈలోపే చూడాలి. దానికి యజమాని లేడు కానీ ఆ అపార్ట్‌మెంట్‌కు అసోసియేషన్ ఉంది. వాళ్ళకూ, మున్సిపల్ కమిషనర్‌కూ రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ పంపండి. లేదా సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. ఇన్నాళ్ళూ ఆఫీసుకు నోటిమాటగా వెళ్ళొచ్చారు గానీ రశీదు ఒక్కటీ లేదు. అంటే రికార్డుల్లో మీరు అసలు వెళ్ళనే లేదు. కొండ తేనెటీగలు సీజన్ మారితే పట్టు వదిలి వెళ్ళిపోతాయి, మీ సాక్ష్యమూ వాటితోనే పోతుంది. ఇవాళే ఫొటోలు, వీడియో తీసి, ఒరిజినల్ ఆ ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీని కోర్టు ముందు నిలబెట్టడం కష్టం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా కావాలి. పెట్టెల దగ్గరా, ట్యాంకు కిందా రాలిన ఈగలు దొరికితే, వేర్వేరు డబ్బాల్లో వేసి, చోటు, తేదీ రాసి, కృషి విజ్ఞాన కేంద్రంలో ఏ జాతివో రాయించుకోండి.

అన్నిటికంటే ముందు ఆసుపత్రికి వెళ్ళి మొత్తం కేస్ షీట్ కాపీ అడగండి, సమ్మరీ ఒక్కటీ చాలదు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనలే చెబుతున్నాయి. క్యాజువాలిటీలో మొదట చూసిన డ్యూటీ డాక్టరు, అమ్మగారిని తీసుకొచ్చినవాళ్ళు ఏం చెప్పారో సొంత చేతిరాతతో రాసి ఉంటారు. అందులో ‘పక్కింటి పెట్టెల తేనెటీగలు’ అని ఉంటే నవంబరులోపు 291 కింద ఫిర్యాదు చేయండి. లేకపోతే క్రిమినల్ కేసు మాట మరిచిపోయి లోక్ అదాలత్‌కు వెళ్ళండి.