లెనిన్‌గ్రాడ్ రక్షణ పతకం యుద్ధకాలం నాటిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

నంబర్ కోసం వెతక్కండి, ఈ పతకం మీద నంబర్ వేయలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్‌ని (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) కాపాడినవాళ్లకి సోవియట్ ప్రభుత్వం ఇచ్చిన పతకం ఇది. 1942 డిసెంబర్ 22న దీన్ని ఒడెస్సా, సెవాస్టోపోల్, స్టాలిన్‌గ్రాడ్ పతకాలతో కలిపి ఒకేసారి ప్రకటించారు, ఇత్తడిది, 32 మి.మీ. వ్యాసం, ముందువైపు ఆ నగరంలోని అడ్మిరాల్టీ (నౌకాదళ కార్యాలయ) భవనం, దాని ముందు తుపాకులు పట్టిన సైనికులు, నావికుడు, కార్మికులు ఉంటారు.

చాలామంది రిబ్బన్ చుట్టిన అయిదు మూలల పట్టీని చూసి తేల్చేస్తారు: ఇనుముదో ఇత్తడిదో అయితే పాతది, అల్యూమినియం అయితే తర్వాతది అని. మొదటి అడుగుగా ఫర్వాలేదు కానీ, పట్టీ ఒక్క చిన్న రింగుతో వేలాడుతుంది కాబట్టి మార్చడం రెండు నిమిషాల పని, అమ్మేవాళ్లకి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. అందుకే నేను ముందు రింగు దూరే చెవి అరుగుదలనీ, అక్షరాల అంచుల్నీ భూతద్దంతో చూస్తాను. గ్రహీత పేరున్న ధ్రువపత్రం కూడా ఉంటే మంచిదే, అయితే పతకాన్నీ ధ్రువపత్రాన్నీ తర్వాత జతచేసి ఉండొచ్చు.

ఇంకోటి, రష్యాకి వెళ్లినప్పుడు అక్కడ కొనకండి. సోవియట్ ప్రభుత్వ పతకాల కొనుగోలు, అమ్మకం అక్కడ క్రిమినల్ కోడ్ 324వ సెక్షన్ కింద నేరం.